అయిదు దినముల జ్వరము

పసిబిడ్డకు జ్వరము వచ్చి ఒంటిపై దద్దురు లేచినచో, తట్టు పోసినదని వేపమండ కట్టి ఊరకుండుట మన పల్లెలలో పాత వాడుక. పెక్కు మారులు ఆ ఊహ నిజమే అయ్యెడిది. కాని తట్టు వేషమున వచ్చి, పోవుచు గుండెను గాయపరచు జబ్బు మరియొకటి కలదు.

1961 జనవరిలో టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రికి నాలుగేండ్ల బాలుడొకడు తీవ్రజ్వరముతో వచ్చెను. డాక్టరు తొమిసాకు కవాసాకి అది ఏ జబ్బో నిర్ణయింపజాలకపోయెను. అట్టి బిడ్డలనే గమనించి వ్రాసికొనుచు, 1967లో 50 మంది వృత్తాంతమును ప్రకటించెను. ఈ జబ్బు తనంత తానే తగ్గునని మొదట తలచిరి. 1970లో దేశమంతట విచారింపగా, కొందరు బిడ్డలు హఠాత్తుగా మరణించినట్లు తేలెను. గుండెకు రక్తము నందించు ధమనులు ఉబ్బి, వానిలో రక్తము గడ్డకట్టుటయే కారణము.

దీనిని రూఢిగా తెలుపు రక్తపరీక్ష నేటికిని లేదు. అయిదు దినములు వీడని జ్వరము, పుసి లేని ఎర్రని కన్నులు, పగిలిన పెదవులు, ఎర్రబారిన నాలుక, దద్దురు, వాచిన కాలుసేతులు, మెడలో బిళ్ల — వీనిని బట్టి వైద్యుడు నిర్ణయింపవలయును. చామనచాయ మేనిపై ఎరుపు సులభముగా కానరాదు. ఎకో పరీక్షతో ధమనుల వెడల్పు కొలుతురు. ఉబ్బు 8 మిల్లీమీటర్లు చేరినచో ప్రమాదము హెచ్చు. రక్తము గడ్డకట్టకుండ చిరకాలము మందు వాడవలయును.

1984లో జపానులో ఫురుషో, 1986లో అమెరికాలో న్యూబర్గర్ బృందము, దాతల రక్తమునుండి తీసిన ఇమ్యునోగ్లోబులిన్ ధమనులను కాపాడునని చూపిరి. చికిత్స లేనిచో నలుగురిలో ఒకరికి ధమనులు చెడును. పది దినములలోపల ఇచ్చినచో సుమారు ఇరువది మందిలో ఒకరికి మాత్రమే.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమునకు ఈ చరిత్రతో సంబంధమేమి? ఇది టీకాల సీమ. 1997లో వెలువడిన హెపటైటిస్-బి టీకాతో మేడ్చల్ పేరు, కోవాగ్జిన్‌తో శామీర్‌పేట పేరు దేశమెల్ల వినబడెను. 2020లో కోవిడ్ సోకిన కొన్ని వారములకు కొందరు పిల్లలకు కవాసాకిని పోలిన జబ్బు వచ్చి గుండె దెబ్బతినెను. 2022 జనవరి 3 నుండి 15 ఏండ్లు నిండిన పిల్లలకు కోవాగ్జినే వేసిరి.

టీకాల వలన తట్టు తగ్గినకొలది, దద్దురుజ్వరమును చూచి తట్టేయని సరిపెట్టుకొనుట చెల్లదు. ఇమ్యునోగ్లోబులిన్ పొందిన బిడ్డకు తట్టుటీకాను సాధారణముగా 11 నెలలు వాయిదా వేయుదురు. ఆ సంగతి టీకా వేయువారికి తల్లిదండ్రులే తెలుపవలయును.

1953లో వెలసిన నీలోఫర్ పిల్లల ఆసుపత్రి నగరముననే యున్నది. శామీర్‌పేటనుండి అచటికి ప్రయాణము గంటలలో ముగియును. ఇంటివద్ద వేచియుండుటలో జారిపోవునవి దినములు. ఈ జబ్బునకు గడువు పది దినములే.