ఆ పీస్ ఆ పిల్లకి కష్టమా?

1720 జనవరి 22న జర్మనీలోని కేథెన్‌లో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ తన పెద్దకొడుకు ఫ్రీడెమాన్ కోసం ఒక నోటు పుస్తకం ప్రారంభించాడు. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. మొదటి పేజీల్లో స్వరాలు ఎలా చదవాలో, అలంకరణ గుర్తుల్ని ఎలా వాయించాలో రాసి, ఆ వెంటనే ఒక బుల్లి పాఠం పెట్టాడు. ఏ స్వరానికి ఏ వేలు వాడాలో అందులో అంకెలు వేసి ఉంటాయి. కుడిచేతి మూడో వేలు, నాలుగో వేలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పైకి నడుస్తాయి. ఇప్పుడు మేం బొటనవేలిని కిందుగా తిప్పించి స్కేల్ నేర్పుతాం కనక ఆ అంకెలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అప్పటికి ఇళ్ళల్లో ఉన్నవి హార్ప్‌సికార్డ్, క్లావికార్డ్. వాటి మీద అలాగే వాయించేవారు.

సికింద్రాబాద్‌లో పియానో పాఠాలు చెప్పుకునే నాకు ఆ పుస్తకమంటే ప్రాణం. దానికి కారణం అందులో ఇన్వెన్షన్లను పేర్చిన వరస. రెండు చేతులూ సమానంగా చెరో పాట పాడే పదిహేను చిన్న రచనలవి. 1723లో బాఖ్ వాటికి శుద్ధప్రతి రాసినప్పుడు శ్రుతుల క్రమంలో పెట్టాడు: సి మేజర్, పక్కనే సి మైనర్, తర్వాత డి మేజర్, డి మైనర్, ఇలాగ. బజార్లో దొరికే అచ్చు పుస్తకాల్లో ఉండేది ఈ వరసే. కొడుకు పుస్తకంలో సంగతి వేరు. సి మేజర్, డి మైనర్, ఇ మైనర్, ఎఫ్ మేజర్ అంటూ షార్పులు, ఫ్లాట్లు తక్కువున్న వాటితో మొదలై పైకి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగుతుంది. అచ్చులో రెండోదిగా కనిపించే సి మైనర్ అక్కడ చిట్టచివరిది. అందులో కుడిచెయ్యి వాయించిన దాన్ని రెండు బార్ల తర్వాత ఎడమచెయ్యి అందుకుని, స్వరం పొల్లుపోకుండా వెంటపడుతుంది. ఒకటి తర్వాత రెండు కదా అని ఆ పీస్ చేతికిస్తే, పిల్లలు నెలల తరబడి అక్కడే ఆగిపోతారు. కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకున్న తండ్రి దాన్ని ఆఖరుకు నెట్టాడు.

పీస్ కష్టమా, తేలికా అన్న ప్రశ్నకు పీస్‌లో దొరికేది సగం జవాబే. మిగతా సగం పిల్ల చేతిలోనూ చెవిలోనూ ఉంటుంది. పియానో బోధన చరిత్రలో నాకు నచ్చిన గురువులందరూ ఆ రెండో సగాన్ని చూసినవాళ్ళే.

1819లో వియన్నాలో కార్ల్ చెర్నీ దగ్గరికి ఒక తండ్రి ఎనిమిదేళ్ళ కొడుకును తీసుకొచ్చాడు. చెర్నీ స్వయంగా బీథోవెన్ శిష్యుడు. ఆ కుర్రవాడు పాలిపోయి, బలహీనంగా ఉన్నాడు. స్టూలు మీద తాగినవాడిలా ఊగుతున్నాడు. ఏ స్వరానికి ఏ వేలన్న లెక్కే లేదు. అయినా ప్రతిభ చూసి చెర్నీ నిర్ఘాంతపోయాడు. ఇవన్నీ ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నవే. ఆ పిల్లవాడు ఫ్రాంజ్ లిస్ట్. అంతటి ప్రతిభ ఉన్నవాడికి ఎవరైనా వెంటనే పెద్ద పెద్ద రచనలు ఇవ్వాలనుకుంటారు. చెర్నీ మాత్రం ముందు అన్ని శ్రుతుల్లో స్కేళ్ళు వాయింపించాడు. తర్వాత లయ కుదరడానికి, వేళ్ళు దారికి రావడానికి క్లెమెంటి సొనాటాలు ఇచ్చాడు. ఒక్కో పీస్‌నూ త్వరగా నేర్చుకు తీరాలన్నాడు. దాంతో లిస్ట్‌కు కొత్త నోటేషన్ చూస్తూనే వాయించెయ్యడం అలవాటైంది. ఈ ఒక్క సంగతి తల్లిదండ్రులకు ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. త్వరగా పూర్తయ్యే పీసులు పది వాయించిన పిల్లకు చదవడం వస్తుంది. ఒకే కష్టమైన పీస్‌తో ఏడాది గడిపిన పిల్లకు ఆ పీస్ మాత్రమే వస్తుంది, అదీ కంఠతా.

మా విజయనగరంలో ఇలాంటి కథే ఇంకోలా జరిగింది. 1919లో మహారాజా సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరదామని వెళ్ళారని, ఆయన వాయించిన ఫిడేలు విని దాసుగారు ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారని మా ఊళ్ళో చెప్పుకుంటారు. ప్రతిభ ఉన్నవాణ్ణి చెర్నీ మొదటి మెట్టుకు దింపాడు, దాసుగారు మెట్లన్నీ దాటించారు. ఇద్దరూ ముందు విన్నారు, తర్వాతే నిర్ణయించారు.

బాఖ్‌లాగే సొంత పిల్లల కోసం రాసినవాళ్ళు ఇంకా ఉన్నారు. రాబర్ట్ షూమన్ 1848లో తన కూతురు మరీ ఏడో పుట్టినరోజుకు కొన్ని పాటలు రాశాడు. అవి పెరిగి 43 అయ్యాయి. అచ్చు వేసేటప్పుడు మొదటి 18 చిన్నవాళ్ళకు, తక్కినవి కాస్త ఎదిగినవాళ్ళకు అని విడదీశాడు. విభజన అంతే, నంబరు గ్రేడులు లేవు. బేలా బార్తోక్ తొమ్మిదేళ్ళ కొడుకు పీటర్‌కు 1933లో పాఠాలు మొదలుపెట్టి, అతని కోసం రాసిన వాటిని తన 'మైక్రోకాస్మోస్'లో చేర్చాడు. ఆరు భాగాలు, 153 పీసులు. మొదటి రెండు భాగాలు పీటర్‌కే అంకితం. తాను నేర్చుకునే వేగం కంటే నాన్న రాసే వేగం ఎక్కువైపోయిందని కొడుకు తర్వాత రోజుల్లో గుర్తుచేసుకున్నాడు.

ఇక గ్రేడు నంబర్లు పరీక్షలతో వచ్చాయి. లండన్‌లోని ట్రినిటీ కాలేజీ 1877లో సంగీత పరీక్షలు ప్రారంభించింది. 1889లో రాయల్ అకాడమీ, రాయల్ కాలేజీ కలిసి అసోసియేటెడ్ బోర్డ్ ఏర్పాటు చేశాయి. ఆ పరీక్షలే క్రమంగా మనం ఎరిగిన ఎనిమిది గ్రేడ్లయ్యాయి. ఊరూరా ఒకే కొలత ఉండటం మేలే. నా విద్యార్థుల్నీ నేను ఆ పరీక్షలకు పంపుతాను. కాని ఆ నంబరు పీస్‌ను మాత్రమే కొలుస్తుంది, వాయించే చేతినీ వాయిద్యాన్నీ కాదు. ఇవాళ్టి పియానో మీద ఒక ఆక్టేవ్ వెడల్పు దాదాపు పదహారున్నర సెంటీమీటర్లు. ఎనిమిదేళ్ళ పిల్ల చెయ్యి చాలావరకు అంత సాగదు. మొజార్ట్ కాలపు వియన్నా పియానోకు ఉన్నవి ఐదు ఆక్టేవులే. కీలు తేలిక, లోతు తక్కువ. 1797లో క్లెమెంటి రాసిన సొనాటినాలను అప్పటి పిల్లలు వాయించింది అలాంటి కీల మీద. అదే కాగితం మా క్లాసులో బరువైన కీల మీద తెరిస్తే, ఆ వేళ్ళకు పని పెరుగుతుంది.

'ఫ్యూర్ ఎలీజ్' సంగతే చూడండి. బీథోవెన్ 1810లో రాసినది, ఆయన పోయిన నలభై ఏళ్ళకు 1867లో అచ్చయింది. నా దగ్గర చేరే ప్రతి పిల్లా అడిగే పీస్ ఇదే. మొదటి పేజీ మెత్తగా సాగుతుంది కనక ఇంట్లో అందరూ తేలికనుకుంటారు. పేజీ తిప్పగానే ఎఫ్ మేజర్‌లో గబగబా పరిగెత్తే స్వరాలు వస్తాయి. ఇంకా ముందుకెళితే ఎడమచెయ్యి ఒకే 'ఎ' స్వరాన్ని ఆపకుండా మోగిస్తుంటే, దాని మీద కుడిచెయ్యి నిండు కార్డులు పట్టాలి. నేను ముందుగా ఆ చోట్లు తెరిచి, నెమ్మదిగా చదివిస్తాను. తప్పులు దొర్లినా లయ నిలబడితే ఆ పీస్ ఇస్తాను. లయే విరిగిపోతే, భుజాలు బిగుసుకుంటే, ఇంకొన్నాళ్ళు షూమన్ పాటలే.

జూన్‌లో పిల్లల్ని క్లాసుల్లో చేర్చే తల్లిదండ్రులకు ఒక మనవి. కొత్త పీస్ మొదలుపెట్టేటప్పుడు ఇది ఎన్నో గ్రేడని అడగడంతో సరిపెట్టకండి. ఇందులో మా పిల్లకు ఎక్కడ ఇబ్బంది వస్తుందో చూపించమని టీచర్ని అడగండి. పుస్తకం తెరిచి ఆ బార్ల మీద వేలు పెట్టి చూపించడం మా బాధ్యత.