మానిటర్ ఆరింది.. మరి కంప్యూటర్ ఆగిందా?

చాలా ఇళ్లలో పని అవ్వగానే మానిటర్ బటన్ నొక్కేసి లేచిపోతారు. తెర నల్లబడుతుంది గానీ బల్ల కింద సీపీయూ డబ్బా నడుస్తూనే ఉంటుంది. కంప్యూటర్ ఎలా మొదలవుతుందో, ఎలా నిద్రపోతుందో తెలిస్తే కరెంటు మిగులుతుంది, చేసిన పని కూడా పోదు.

ఆన్ చేస్తే ఏం జరుగుతుంది?

బటన్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టె మన ఇంటి 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు ఇస్తుంది. అప్పుడు ప్రాసెసర్ మదర్‌బోర్డు చిప్‌లో ఉన్న బయోస్ ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. కొత్త కంప్యూటర్లలో దీని స్థానంలో యూఈఎఫ్‌ఐ ఉంటుంది. ర్యామ్, కీబోర్డు, డిస్కు సరిగా ఉన్నాయా అని అది చూసుకుంటుంది. తేడా ఉంటే బీప్ శబ్దం రావచ్చు. అంతా బాగుంటే విండోస్ డిస్కు నుంచి ర్యామ్‌లోకి వస్తుంది.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పు చూపిస్తే, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. ఎక్కువ కంప్యూటర్లలో అది సీఆర్2032 రకం.

స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్

స్లీప్: పని ర్యామ్‌లోనే ఉంటుంది, మిగతా భాగాలు దాదాపు ఆగిపోతాయి. నమాజుకు లేచి కాసేపట్లో తిరిగి వచ్చేవాళ్లకు ఇది చాలు. కానీ ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉండాలి. స్లీప్‌లో ఉండగా గోడ స్విచ్ ఆపినా, కరెంటు పోయినా సేవ్ చేయని పని పోవచ్చు.

హైబర్నేట్: పని మొత్తాన్ని డిస్కులో రాసిపెట్టి కంప్యూటర్ ఆగిపోతుంది. పూర్తిగా ఆగాక కరెంటు పోయినా ఫర్వాలేదు. మెనూలో ఈ ఆప్షన్ కనిపించకపోతే కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో పెట్టుకోవచ్చు.

షట్‌డౌన్: రాత్రి పడుకునే ముందు ఇదే మంచిది. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా విండోస్‌లో కొంత భాగం డిస్కులో దాచి ఉంటుంది. అందుకే కంప్యూటర్ మొరాయిస్తే షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయాలి.

లెక్క ఇలా వేసుకోండి

కంప్యూటర్, మానిటర్ కలిపి 100 వాట్లు తీసుకుంటాయి అనుకుందాం. 10 గంటలకు ఒక యూనిట్. రోజూ 5 గంటలు ఊరికే నడిస్తే నెలకు 15 యూనిట్లు. బిల్లు అంచున ఉన్నవాళ్లకు ఇది పై స్లాబులో పడేసే లెక్క. స్క్రీన్ సేవర్ బొమ్మలు కదులుతుంటే మానిటర్ వెలుగుతూనే ఉంటుంది, ఆదా ఏమీ ఉండదు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ తెరిచి తెర 5 నిమిషాలకు, కంప్యూటర్ 20 నిమిషాలకు నిద్రపోయేలా పెట్టండి. నీళ్లయినా, కరెంటైనా వృథా చేయడం ఇస్రాఫే కదా. లేచే ముందు ఫైల్ సేవ్ చేయడం, షట్‌డౌన్ పూర్తయ్యాకే గోడ స్విచ్ ఆపడం పిల్లలకు కూడా అలవాటు చేయండి.