దర్బారు

ఐదో జార్జి పట్టాభిషేకం 1911 జూన్‌లో లండన్‌లోనే అయిపోయింది. ఆ డిసెంబర్ 12న ఢిల్లీలో జరిగింది కొలువు మాత్రమే. దాని గుర్తుగా ఇచ్చిన వెండి పతకానికి ఒకవైపు రాజారాణుల ముఖాలు, వెనకవైపు పర్షియన్ లిపి. అందులో ‘దర్బార్’ అన్న మాట ఉంది. ఇంగ్లండు రాజు పతకం మీద ఇంగ్లిషు కాక మొగలాయీల రాజభాష! పాత పాదుషాల గద్దెకు వారసులమని చాటుకోవడమే అది.

పర్షియన్‌లో ‘దర్’ అంటే వాకిలి, ‘బార్’ అంటే ప్రభువు ఇచ్చే దర్శనం. తెలంగాణ ఇళ్ల ‘దర్వాజ’లో ఉన్నదీ ఆ ‘దర్’ శబ్దమే. ఆ ఢిల్లీ కొలువుకు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కూడా వెళ్లాడు. రాజులు పోయినా మాట పోలేదు; నేటికీ నాయకులు ‘ప్రజాదర్బారు’ నడుపుతున్నారు.

ఆ ఢిల్లీ దర్బారు పతకాలను గ్రహీతల పేర్లు చెక్కకుండానే ఇచ్చారు. అందుకే వెంట ఉన్న ఉత్తరమో ఫొటోనో పతకమంత విలువైనది. తాతల నాటి పెట్టెలో ఒకటి దొరికితే విబూదితో తోమకండి. నీలం మీద ఎర్రచారల రిబ్బను ఉంటే తీసేయకండి. ఆ కాగితాలను కూడా దానితోనే దాచండి.