చదివింపులు

మా సింగ్‌నగర్ ఇంటి గృహప్రవేశం 2006లో జరిగింది. వచ్చిన చదివింపులన్నీ మా మరిది ఒక నోటుపుస్తకంలో వరసగా రాసిపెట్టాడు. స్టీలు గిన్నెలు, మంగళగిరి చీరలు, ఒక మిక్సీ, గోడ గడియారాలు ఏడు (ఉన్న గోడలు చాలవు!). మావారి అక్కయ్యగారు తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ మాత్రం బ్రౌను కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టారు. విప్పితే పుస్తకం. పోనీ కొత్తదా అంటే అదీ కాదు. ఏలూరు రోడ్డు మీద లెనిన్ సెంటర్ పాతపుస్తకాల బంకులో కొన్నారట. అట్ట ఊడి, దారంతో కట్టి ఉంది. పేరు చూద్దును కదా, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’!

ఆడపడుచు అలాంటి పేరున్న పుస్తకం చేతిలో పెడితే ఎవరైనా ఏమనుకుంటారు? నాకు బుద్ధులు చెప్పడానికే తెచ్చారనుకున్నాను. మొదటి పేజీ తిప్పితే గ్రాంథికం, ఊపిరాడని సంధులు. మర్నాడే అటకెక్కించేశాను. అక్షరాలా అటకే.

పద్దెనిమిదేళ్లు అక్కడే ఉంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు మా వీధిలోకి వచ్చింది. ఆ వరద సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లు ఇంట్లోకి వస్తూంటే నాకు ముందు గుర్తొచ్చింది అటక మీద ఆవకాయ జాడీలు. వాటిని పై వాటాకి చేరేస్తుంటే ఈ పుస్తకమూ వాటితో వచ్చింది. కింద ఫ్రిజ్జు, మంచాలు, గడియారాలు బురదపాలు. కరెంటు లేదు, ఫోను లేదు. పాల ప్యాకెట్ల పడవ కోసం ఎదురుచూడ్డం తప్ప పనేమీ లేదు. విధిలేక పుస్తకం తెరిచాను.

మధ్యాహ్నానికి మావారు “అన్నం సంగతేమిటి?” అంటే వినిపించుకోలేదు.

రాసినావిడ భండారు అచ్చమాంబ. 1874లో పుట్టింది. ఎక్కడో కాదు, మన పెనుగంచిప్రోలులో! తిరుపతమ్మ తల్లి తిరనాళ్లకి నేను ఎన్నిసార్లు వెళ్లానో, మునేట్లో ఎన్ని మునకలు వేశానో లెక్కలేదు. ఈ పేరు ఒక్కసారి వింటే ఒట్టు. ఆవిడ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారంటే మాత్రం అందరికీ తెలుసు. విజ్ఞానచంద్రికా మండలి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ఆయన చలవే కదా.

అచ్చమాంబ బడికి వెళ్లలేదు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు, చిన్నతనంలోనే పెళ్లీ అయిపోయింది. భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలకి వెళ్లాక, తమ్ముణ్ణి తన దగ్గరే ఉంచుకుని నాగపూరులో చదివించింది. అతను పాఠాలు చదువుతుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. తెలుగు, హిందీ, మరాఠీ అలా వచ్చాయి. ఇది చదివినప్పుడు పుస్తకం కాసేపు మూసేశాను. మా ఊళ్లో మా అన్నయ్యకి ఇంగ్లీషు చెప్పడానికి మాస్టారు వస్తే నేను గుమ్మం పక్కన బియ్యం ఏరుతూ వినేదాన్ని. అన్నయ్య తప్పు చెబితే నాకు తెలిసిపోయేది, కానీ నోరెత్తేదాన్ని కాదు. అన్నయ్య బందరులో కాలేజీకి వెళ్లాడు. నన్ను ఎస్సెల్సీతో ఆపేశారు.

ఆవిడ నోరెత్తింది. ఆడవాళ్లు అబలలు, బుద్ధి తక్కువవాళ్లు, చదివితే చెడిపోతారు అన్న రోజుల్లో, ఉత్త వాదన ఎవరు వింటారని, మనుషుల్నే సాక్ష్యానికి పిలిచింది. రుద్రమదేవి, రాణీ దుర్గావతి, అహల్యాబాయి, మన మొల్ల, ఇలా ముప్పై మందికి పైగా. తెలుగులో ఆడవాళ్ల చరిత్ర ఆడమనిషి రాయడం అప్పటికి ఎక్కడిది? పుస్తకం వెలువడింది 1901లో. పేరులో ‘అబల’ అని ఉన్నా లోపల అబల ఒక్కతీ కనబడదు. అన్నీ కచ్చితమైన చరిత్ర అనను. ఖన కథే చూడండి, మామగారికి అందని లెక్క కోడలికి అందినందుకు నాలుక కోయించారట. అందులో చరిత్ర పాలెంతో నాకు అనుమానమే. అయినా ఆ కథ చదివి, కత్తిరించిన నాలుకలు చాలా ఇళ్లల్లోనే ఉన్నాయనుకున్నాను.

రాయడంతో ఊరుకోలేదు. 1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఆ ఏడే ‘హిందూ సుందరి’లో ‘ధనత్రయోదశి’ అనే కథ రాసింది. తెలుగులో మొదటి కథ గురజాడవారి 1910 నాటి ‘దిద్దుబాటు’ అని మనం బళ్లో చదువుకోలేదూ? దానికి ఎనిమిదేళ్ల ముందన్నమాట. ఆవిడ కన్న ఇద్దరు బిడ్డలూ పసితనంలోనే పోయారు. తర్వాత అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకింది. ఆ దుఃఖంలో ఇంత పని ఎలా చేసిందో!

ఐదో రోజు ఫోను పలికింది. అందరూ “ఎలా ఉన్నారు, ఏం పోయాయి?” అని అడుగుతుంటే, నేను మా వదినగారికి ఫోన్ చేసి, “రెండో భాగం ఉందా?” అన్నాను.

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు: మొత్తం మూడు భాగాలు రాద్దామనుకుందట. మొదటిది మన చరిత్రలోని స్త్రీలు, రెండోది వేద పురాణాల్లోని వాళ్లు, మూడోది విదేశీ స్త్రీలు. రెండోది రాస్తూండగానే 1905 జనవరి 18న బిలాసపూరులో పోయింది.

“ఎన్నేళ్లు వదినగారూ?”

“ముప్పై.”

నా పెద్ద కూతురికి అంతకన్నా పదిహేనేళ్లు ఎక్కువ. నాకు గొంతు పెగల్లేదు. ఆవిడే మళ్లీ అందుకున్నారు.

“ఏమ్మాయ్, నీ చదివింపుల చిట్టాలో నా పేరెదురుగా ‘పాత పుస్తకం ఒకటి’ అని రాయించావుట?”

నిజమే. ఆ చిట్టా మాత్రం వరదలో పోయింది లెండి.