చెకుముకి తుపాకి, ఇరవై గజాల హద్దు

ఏటా ఏప్రిల్ నెలాఖరుకో మే మొదట్లోనో పెన్సిల్వేనియా కొండ అడవుల్లో టర్కీ కోళ్ళ వేట మొదలవుతుంది. అమెరికాలో డబ్బు పెడితే దొరకని తుపాకి లేదు. అయినా కొంతమంది వేటగాళ్ళు వాటన్నిటినీ ఇంట్లో వదిలేసి, రెండు వందల ఏళ్ళ నాటి నమూనాలో చేయించుకున్న చెకుముకి తుపాకి భుజాన వేసుకుని చీకటితోనే అడవి దారి పడతారు. మూతిలోంచి మందు పోసి, అట్టబిళ్ళ కూరి, సీసపు గుళ్ళు పోసి, మీద మరో పలచటి బిళ్ళ పెట్టి దట్టించాలి. పేలేది ఒక్కసారే. వాన తుంపర పడితే ఆ ఒక్కసారీ పేలకపోవచ్చు. మన తిరుత్తణి, తిరువళ్ళూరు వైపు మూతిలోంచి దట్టించే తుపాకి అంటే నాటు తుపాకి, పేదవాడి తుపాకి, పోలీసు కేసుల్లో కనబడే తుపాకి. ఇక్కడ అదే వస్తువును చదువూ సంపాదనా ఉన్నవాళ్ళు కావాలని ఎంచుకుంటున్నారు. దీన్ని పాతకాలపు మోజు అని తోసిపుచ్చడం తేలిక. కానీ వాళ్ళు వేటకు ముందు కూర్చుని మందుకూ గుళ్ళకూ వేసే లెక్క చూస్తే, ఈ దేశం తన అడవులను ముందు ఎలా పాడుచేసుకుని తర్వాత ఎలా బాగుచేసుకుందో అందులో కనబడుతుంది. ఆ లెక్క నేర్పేది ఎక్కడ ఆగాలో. ఈ పక్షి బతికి బట్టకట్టింది కూడా అలా ఆగడం వల్లనే అని నేను నమ్ముతున్నాను.

ముందు ఆ లెక్క సంగతి. ఎక్కువమంది వాడేది ఇరవై గేజి గొట్టం. ఒక పౌను సీసాన్ని ఇరవై సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత, అంటే అంగుళంలో 0.615 వంతు. లోపల రైఫిల్‌కు ఉన్నట్టు మెలికల గాళ్ళు ఉండవు, నున్నగా ఉంటుంది. కొత్త తుపాకుల్లో గుళ్ళు చెదరకుండా మూతి దగ్గర గొట్టాన్ని కొంచెం బిగిస్తారు, పాత తరహా గొట్టానికి ఆ బిగింపు లేదు. అందులో 70 గ్రెయిన్ల మందు, అంటే నాలుగున్నర గ్రాములు, దాని మీద ఔన్సూ ఎనిమిదో వంతు గుళ్ళు, మన లెక్కలో మూడు తులాలకు కాస్త తక్కువ, పోస్తారనుకుందాం. ఆరో నంబరు గుళ్ళు ఔన్సుకు సుమారు 225 తూగుతాయి కనక మొత్తం 250 పైచిలుకు గుళ్ళు. బిగింపు లేని గొట్టం నుంచి నలభై గజాల దూరంలో ముప్పై అంగుళాల వలయంలో పడేవి నూటికి నలభై. అంటే ఓ వంద గుళ్ళు. ఆ వలయం వైశాల్యం ఏడు వందల చదరపు అంగుళాలు. ఏడు చదరపు అంగుళాలకు ఒక్క గుండన్నమాట. టర్కీ పుంజు ఒంటి మీద ఈకల కవచం దట్టం, గుండు తగలవలసింది తలకూ మెడ ఎముకకూ. ఆ కాస్త చోటుకు ఏడు చదరపు అంగుళాలకు ఒకటి చొప్పున పడితే పక్షి చావదు, గాయంతో ఎగిరిపోయి ఏ పొదలోనో నాలుగు రోజులకు చస్తుంది. దూరం సగానికి తగ్గితే గుళ్ళు పరుచుకునే వెడల్పు కూడా సుమారు సగమవుతుంది, వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది, అదే చోట నాలుగింతల గుళ్ళు పడతాయి. ఇరవై గజాలు, మహా అయితే పాతిక, అనే హద్దు ఇక్కడి నుంచి వచ్చింది.

దూరం చాలకపోతే మందు పెంచవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. కాగితం మీద కాల్చి చూస్తే అది పనిచేయదని తెలుస్తుంది. మందు ఎక్కువైతే తోపుడుకు మెత్తటి సీసపు గుళ్ళు నలిగి వంకరపోతాయి, వంకరపోయినవి తలో దిక్కుకూ పోతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు మందు 60, 65 గ్రెయిన్లకు దించి గుళ్ళు కాస్త పెంచుతారు. వేగం తగ్గుతుంది కానీ గుళ్ళు దగ్గరదగ్గరగా పడతాయి. గుండు లావు పెంచితే ఇంకో చిక్కు. నాలుగో నంబరు గుండు బరువైనది, దూరాన కూడా బలంగా తగులుతుంది, కానీ ఔన్సుకు 135 మాత్రమే వస్తాయి. మందుకూ గుళ్ళకూ మధ్య పెట్టే మెత్తటి బిళ్ళ మరీ మందంగా ఉంటే అది గుళ్ళ గుంపును వెనకనుంచి పొడుచుకుంటూ ముందుకు దూసుకుపోతుంది, కాగితం మీద గుళ్ళన్నీ చుట్టూ పడి నడుమ గారె చిల్లులా ఖాళీ మిగులుతుంది. పక్షి తల సరిగ్గా ఆ ఖాళీలోకి వస్తే గురి తప్పకపోయినా దెబ్బ తప్పినట్టే. ఆ బిళ్ళను సగానికి చీల్చి వాడతారు, లేదా దాని బదులు నార కూరుతారు, మళ్ళీ కాల్చి చూస్తారు. పైగా చెకుముకి తుపాకికి ఆలస్యం ఒకటి ఉంది. మీట నొక్కగానే రాయి ఉక్కు పలకను గీస్తుంది, నిప్పురవ్వలు బయట పోసిన రంజకపు మందు మీద పడతాయి, ఆ మంట చిన్న బెజ్జంలోంచి లోపలి మందుకు అంటుకుంటుంది. రెప్పపాటే, కానీ టర్కీ కోడి చూపు ఎంత వాడి అంటే ఆ రంజకం మెరుపుకే తల తిప్పేస్తుంది.

ఇంతకంటే కొత్త తుపాకి వాడితే పక్షికి బాధ తక్కువ కదా అనే ఆక్షేపణ న్యాయమైనదే. మూతి బిగించిన గొట్టం, సీసం కంటే బరువైన టంగ్‌స్టన్ గుళ్ళు ఉంటే యాభై గజాల నుంచి కూడా పుంజును పడగొట్టవచ్చు. కానీ పరికరం యాభై అందుకుంటే మనిషి అరవైకి ఆశపడతాడు, గాయాలు ఆ పై పది గజాల్లోనే జరుగుతాయి. చెకుముకి తుపాకి ఆ ఆశకు తావివ్వదు. పక్షి ఇరవై గజాల్లోకి రావాలి, రావాలంటే పెట్ట కూత కూసి పిలవాలి, వచ్చేదాకా కదలకుండా కూర్చోవాలి. పెన్సిల్వేనియా చట్టం కూడా ఇదే అడుగుతుంది: వసంతకాలపు వేటలో పిలిచి రప్పించడమే తప్ప పొంచి వెంటాడటం కుదరదు, గడ్డం ఈక ఉన్న పక్షినే కొట్టాలి, రైఫిల్ పనికిరాదు, సీజన్ మొదటి భాగంలో వేట మధ్యాహ్నంతో సరి. ఆ సమయంలో పెట్టలు పొదుగుతూ ఉంటాయి మరి.

ఈ తుపాకి మన నేలకు కొత్తదేమీ కాదు. 1781 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ సేనాని సర్ ఐర్ కూట్ తిరువళ్ళూరు పక్కనున్న తిరుప్పాచూరు కోటను పట్టుకున్నాడు, సెప్టెంబరు 27న తిరుత్తణికి దగ్గరలోని షోలింగూరులో హైదరలీని ఓడించాడు. కంపెనీ సిపాయిల చేతుల్లో ఉన్నవి ఇంగ్లీషు చెకుముకి తుపాకులే, మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్ళు కొల్లలు. ఆ మర్నాడు, సెప్టెంబరు 28న, భూగోళానికి అవతల వర్జీనియాలో యార్క్‌టౌన్ ముట్టడి మొదలైంది. అక్కడ ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ సైన్యం చేతిలో కూడా అవే తుపాకులు. వాళ్ళ మీదికి వచ్చిన వాషింగ్టన్ సైనికులు ఫ్రెంచివాళ్ళు పంపిన అలాంటివే పట్టుకుని ఒక పెద్ద గుండుతో పాటు కొన్ని చిన్న గుండ్లు కలిపి దట్టించేవారు. నున్నటి గొట్టానికి గురి తక్కువ కనక గుండ్ల సంఖ్య పెంచి లోటు పూడ్చడం వాళ్ళు పక్షివేట నుంచి తెచ్చిన కిటుకని నాకనిపిస్తుంది. అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో ఓటమి ఒప్పుకున్న కారన్‌వాలిసే అయిదేళ్ళకు గవర్నరు జనరలై మన దేశానికి వచ్చాడు, 1792లో హైదరు కొడుకు టిప్పు చేత సగం రాజ్యం వదిలించాడు. ఒకే యుద్ధయంత్రానికి ఒక చివర ఈ దేశం స్వాతంత్ర్యం తెచ్చుకుంది, ఇంకో చివర మన ఊళ్ళు దాని కిందికి పోయాయి. తర్వాత ఆ తుపాకికి రెండు చోట్లా పట్టిన గతి వేరు వేరుగా ఉండటానికి మూలం ఇక్కడే ఉంది.

అమెరికాలో తుపాకి పౌరుడి ఇంట్లో మిగిలిపోయింది, దాని ఫలితం మొదట్లో ఘోరం. టర్కీ కోళ్ళను ఏ హద్దూ లేకుండా కొట్టి బజార్లలో అమ్మారు, అడవులు నరికి పొలాలు చేశారు. మసాచుసెట్స్‌లో చివరి అడవి టర్కీ 1851లో మౌంట్ టామ్ మీద చచ్చింది. 1930ల నాటికి దేశమంతటా మిగిలినవి రెండు లక్షలు మించవని అంచనా. అప్పటికే మార్పు మొదలైంది. 1900లో లేసీ చట్టం దొంగవేట మాంసాన్ని రాష్ట్రాల మధ్య అమ్మకుండా ఆపింది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్నును నేరుగా రాష్ట్రాల వన్యప్రాణుల పనికి మళ్ళించింది. పెంచిన కోళ్ళను అడవిలో వదిలితే బతకలేదు. అందుకని వలలతో అడవి పక్షులనే పట్టి ఖాళీ అడవులకు తరలించారు. మసాచుసెట్స్‌కు 1972, 73ల్లో న్యూయార్క్ నుంచి తెచ్చిన 37 పక్షుల సంతతి ఇప్పుడు వేలల్లో ఉంది. దేశం మొత్తం మీద సుమారు అరవై లక్షలు.

ఇది వేటగాళ్ళ గొప్పేనా? ఈశాన్య రాష్ట్రాల్లో రైతులు వదిలేసిన పొలాల్లో అడవి తనంతట తాను తిరిగి పెరగకపోతే ఎన్ని పక్షులను తెచ్చినా నిలిచేవి కావు. ఆగ్నేయ రాష్ట్రాల్లో ఈ మధ్య వీటి సంఖ్య మళ్ళీ తగ్గుతోంది కూడా. తుపాకి అందరిదీ అన్న మాటలోనూ నిజం సగమే. అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే మిసిసిపీ చట్టం విడుదలైన నల్లవాళ్ళకు లైసెన్సు లేకుండా తుపాకి ఉండకూడదంది. ఈ పక్షిని వేల ఏళ్ళుగా వేటాడుతూ వచ్చిన ఆదివాసుల అడవులే లాక్కున్నారు. ఇదంతా తలుచుకుంటే ఈ దేశాన్ని మెచ్చుకునే నోటికి అడ్డు తగులుతుంది. అయినా ఒక సంగతి నిలబడుతుంది: హద్దు పెట్టినప్పుడు తుపాకి పట్టినవాడినే ఆ హద్దుకు కాపలాదారుగా చేశారు. లైసెన్సు రుసుము, తూటా పన్ను, ఇరవై గజాల లెక్క, అన్నీ అతని చేతి మీదుగానే సాగుతాయి.

మన దగ్గర 1878 ఆయుధాల చట్టం అడిగింది ఒకటే ప్రశ్న, తుపాకి ఎవరి చేతిలో ఉంది అని. తెల్లవాళ్ళకు మినహాయింపు, మనకు లైసెన్సు. 1959 చట్టంలో పంట కాపలాకు మూతిలోంచి దట్టించే తుపాకి అనే మాట మిగిలింది కానీ ఆలోచన పెద్దగా మారలేదు. 1972 వన్యప్రాణి చట్టం, 1991 సవరణ వేటను దాదాపు పూర్తిగా మూసేశాయి. వాటి వల్ల మేలు జరగలేదనడం అన్యాయం. తిరుత్తణి కొండ మెట్లు ఎక్కేవాళ్ళకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు. ఆడికృత్తికకు కావళ్ళ మీద నెమలి పింఛాలు ఊగుతుంటాయి, కొండ చుట్టూ వేరుశనగ చేలల్లో నెమళ్ళు నిర్భయంగా తిరుగుతాయి. నెమలీ టర్కీ కోడీ ఒకే కుటుంబం పక్షులు, వసంతంలో పెన్సిల్వేనియా అడవిలో టర్కీ పుంజు తోక విప్పి నిలబడ్డప్పుడు సుబ్రహ్మణ్యస్వామి వాహనం గుర్తుకు రాక మానదు. ఆ క్షణాన ఈ అడవంతా పరాయిదైపోతుంది, మనసు ఆ కొండకు పరుగెడుతుంది. 1960లో తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారినా తెలుగు మాటా ఆ కొండా మనకు దూరం కాలేదు.

నెమలిని భక్తీ చట్టమూ కలిసి కాపాడాయి, సరే. ఆ చట్టం కింద నలిగిపోయినవాళ్ళ మాటేమిటి? నరికురవలు, మన తెలుగు ఊళ్ళలో నక్కలవాళ్ళు అంటారు, నాటు తుపాకితో కౌజులనూ కొంగలనూ కొట్టి బతికినవాళ్ళు. నక్క కూత అచ్చంగా కూయడంలో వాళ్ళకు పేరు. ఎంత మందుకు ఎన్ని గుళ్ళు, ఏ పిట్టకు ఎంత దూరం అన్న లెక్క కాగితం అవసరం లేకుండా తరతరాలుగా వాళ్ళ చేతుల్లో ఉంది. పెన్సిల్వేనియాలో దాన్ని కళగా గౌరవిస్తున్నారు, మన దగ్గర దాన్ని నేరంగా మార్చి వాళ్ళ చేతికి పూసల దండలు ఇచ్చి ఊరుకున్నాం. వేట మళ్ళీ తెరవాలని నేననడం లేదు. మన జనసాంద్రతకు, మన అడవుల విస్తీర్ణానికి అమెరికా పద్ధతి సరిపోదు, ఆ ఆక్షేపణకు నా దగ్గర జవాబు లేదు, అవసరమూ లేదు. నేనడిగేది చిన్నది. పక్షి అలికిడి, దారి, గూడు, కూత తెలిసినవాళ్ళను కాపలాదారులుగా పెట్టుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. 2022 డిసెంబరులో పార్లమెంటు తమిళనాడు నరికురవలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది. పులికాట్ సరస్సులో, పూండి జలాశయంలో పక్షుల లెక్కకు, కాపలాకు మనుషులను తీసుకునేటప్పుడు నరికురవల పిల్లలకు మొదటి పిలుపు వెళ్ళేలా తిరువళ్ళూరు జిల్లా చదువరులు, అధికారులు పూనుకోవాలని కోరుతున్నాను.