కంజీర కథ

కచేరీలో తని ఆవర్తనము సాగుచున్నపుడు, మృదంగము పలికిన జతికి వెనువెంటనే ఒక లోతైన గుముకు, దానితో సన్నని గలగల బదులుగా వినవచ్చును. రేడియో ముందు కూర్చున్న శ్రోతకు వాద్యము కనబడకున్నను, ఆ గుర్తుతో అది కంజీరయని తెలిసికొనవచ్చును.

ఇది మొదట కచేరీ వాద్యము కాదు. దేవాలయ భజనగోష్ఠులకును, వీధి పాటగాండ్రకును చేతివాద్యము. మన తెలుగు పల్లెలలోను చేతాళములతోపాటు భజనపరులకు అలవడినదే. నడచుచు పాడువారికి ఇంత తేలికయైన తోడు వేరొకటి అరుదు.

దీనికి కచేరీ వేదికపై స్థానము కల్పించిన కీర్తి, 19వ శతాబ్ది చివరి భాగమున పుదుక్కోటలో వెలసిన మాన్పూండియా పిళ్లైగారిది. వారి శిష్యులు దక్షిణామూర్తి పిళ్లైగారు (1875–1936) మృదంగమునందును కంజీరయందును సమర్థులు. మన కాలమున జి. హరిశంకర్ (1958–2002) ఈ వాద్యమునకు క్రొత్త వన్నె తెచ్చిరి.

వారి సాధన ఎంతటిదో వాద్యమును చూచిన తెలియును. పనసకర్ర వలయము, అడ్డుకొలత సుమారు 7 అంగుళములు. ఒక వైపుననే చర్మము. అంచు చీలికలో నాణెముల వంటి లోహపు బిళ్లలు. బిగించుటకు త్రాళ్లు లేవు, మరలు లేవు. లోపలివైపు నీరు చిలికినచో శ్రుతి దిగును, ఆరినకొలది ఎక్కును. ఎడమచేతి వ్రేళ్లు అంచున నొక్కి నాదమును వంచుచుండగా, మృదంగమున రెండు చేతులు చేయు పనిని కుడిచేయి ఒక్కటే నెరవేర్చవలెను.

ఆ నాదమునకు ఆధారము ఉడుము చర్మము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఉడుమును వేటాడుట నేరము. మేకచర్మముతోను, కృత్రిమ పొరలతోను నేడు కంజీరలు తయారగుచున్నవి. పాత గుముకు వీనికి రాదని వగచువారు కలరు. వారి బాధ నిజమే. ఒక నాదమును కోల్పోవుట చిన్న నష్టము కాదు. కాని ఒక మూగజీవి ప్రాణము అంతకంటె చిన్నదియు కాదు.

భజనగోష్ఠినుండి కచేరీకి కంజీరను నడిపించినది చర్మము కాదు, చేయి. ఆ చేతికి సాధన ఉన్నంతకాలము ఏ పొరయైనను పలుకక మానదు.