పల్నాటి పొలం, తేనెటీగ: లెక్కకు రాని శ్రమ

విద్యార్థులారా! పల్నాటి వ్యవసాయ చరిత్ర అనగానే మీకు నాగార్జునసాగర్, పత్తి, మిర్చి గుర్తుకు వస్తాయి. పూత కాయగా మారడంలో పాలుపంచుకునే తేనెటీగ మాత్రం ఆ చరిత్రలో కనిపించదు. కారణమేమిటో పరిశీలిద్దాం.

అడవి సరుకుగా తేనె

మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతాలు నల్లమల అంచున ఉన్నాయి. నల్లమల చెంచులు కొండచరియలకు, పెద్ద చెట్లకు పట్టిన తేనెపట్లను పొగబెట్టి, తాళ్ల సాయంతో తీస్తారు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో చెంచులపై గ్రంథం ప్రచురించారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుంచి తేనెను అటవీ ఉత్పత్తిగా కొంటుంది. అంటే తేనెకు తూకం, ధర ఉన్నాయి. ఈగ పొలంలో చేసే పనికి లేవు. పశ్చిమ ఆఫ్రికా పల్లెల్లో దుంగ గూళ్లను, గడ్డి గూళ్లను చెట్లకు కట్టి ఈగలను పెంచే అలవాటు ఉంది. ఇక్కడ తేనె ప్రధానంగా అడవిదిగానే మిగిలింది.

కాలువ తరువాత

1955 డిసెంబరు 10న సాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. 1970 నుంచి దేశంలో సంకర పత్తి వచ్చింది. పత్తి చాలావరకు స్వపరాగ సంపర్క పంటే అయినా, తేనెటీగలు వాలితే కాయ, గింజ మెరుగవుతాయి. పొద్దుతిరుగుడుకు వాటి అవసరం ఇంకా ఎక్కువ. సంకర పత్తి విత్తనం కోసం కూలీలు, వారిలో ఎందరో ఆడపిల్లలు, ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దారు. ఆ పనికి కూలి కట్టాల్సి వచ్చింది. ఈగ అదే రకం పనిని ఉచితంగా చేస్తుంది కనుక ఎవరూ లెక్క రాయలేదు.

1987-88లో తెల్లదోమ విజృంభించింది. మందుల మీద మందులు కొట్టినా పంట దక్కక, అప్పులపాలై, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. నేటి పల్నాడు జిల్లా అప్పుడు గుంటూరులో భాగం. పురుగుమందుకు తెల్లదోమ, తేనెటీగ అన్న తేడా తెలియదు. పూత మీద, ఈగలు తిరిగే పొద్దున పూట కొట్టిన మందు రెండింటినీ చంపుతుంది. రైతు నష్టాన్ని లెక్కగట్టినవారు ఈ రెండో నష్టాన్ని పట్టించుకోలేదు.

సారాంశం

ధర ఉన్నదే దస్త్రాలకు ఎక్కుతుంది. ధర లేని శ్రమను చరిత్రకారుడు వేరే ఆధారాలతో వెతకాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తేనెటీగ శ్రమ వ్యవసాయ రికార్డుల్లో ఎందుకు లేదు?

2. మీ ఊరి పెద్దలను అడిగి, పూర్వం పొలాల్లో తేనెపట్లు ఎక్కడ ఉండేవో, ఇప్పుడు ఉన్నాయో లేదో ఒక పుట రాయండి. బహుశా అదే మీ ఊరిలో ఈ విషయంపై మొదటి రాతపూర్వక ఆధారం కావచ్చు.